వేడి చేసిన గాజు వర్ణపటాన్ని చదవడం: రేర్ ఎర్త్ గాజులతో పనిచేసేవాళ్లకు

ఫర్నేస్‌లోంచి తీసిన గాజు ముక్కను స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, అంటే ఏ రంగు కాంతి ఎంత గాజు దాటుతుందో కొలిచే యంత్రంలో, పెట్టగానే గ్రాఫ్ పైకి లేచి కనిపిస్తుంది. వెంటనే నోట్‌బుక్‌లో "వేడి చేశాక శోషణ పెరిగింది" అని ఒక వాక్యం పడుతుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు దాదాపు అందరూ మొదట ఇదే రాస్తారు. చాలాసార్లు ఆ వాక్యం తప్పు.

యంత్రం చెప్పేది ఒక్కటే: ఇటునుంచి పంపిన కాంతిలో ఇంత భాగం అటు చేరలేదు. చేరని కాంతి ఏమైందో దానికి తెలియదు. గాజులో కలిపిన రేర్ ఎర్త్ అయాన్ (నియోడైమియం, ఎర్బియం లాంటి మూలకాలది) మింగి ఉండొచ్చు. గాజులో కొత్తగా పుట్టిన సన్నని స్ఫటికాలు పక్కకి చెదరగొట్టి ఉండొచ్చు. పైపొర మసకబారి ఉండొచ్చు. లేదా గాజులో దాక్కున్న ఇనుమో, సీరియమో తన ఆక్సీకరణ స్థితి మార్చుకుని కొత్త రంగు తెచ్చుకుని ఉండొచ్చు. వేడి ఈ నాలుగింటినీ కదిలిస్తుంది, అయితే అన్నింటినీ ఒకే మోతాదులో కాదు. వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. గాజు కరిగించి పోత పోయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను, ఆ భాగం జోలికి పోను.

అయాన్ అంత సులువుగా కదలదు

నియోడైమియం, ఎర్బియం, హోల్మియం, ఇటర్బియం లాంటి అయాన్లు కాంతిని మింగేది 4ఎఫ్ ఎలక్ట్రాన్లతో. వాటి బయట 5ఎస్, 5పీ కక్ష్యలు నిండుగా ఉంటాయి. లోపలి గదిలో ఉన్నవాళ్లకి వీధిలో గోల అంతగా వినపడనట్టే, చుట్టూ ఉన్న గాజులో ఏం జరుగుతున్నా 4ఎఫ్ ఎలక్ట్రాన్లకు తగిలేది తక్కువ. అందుకే గాజు ఏదైనా ఎర్బియం పట్టీలు, అంటే అది కాంతిని మింగే చోట్లు, 521, 651, 977, 1530 నానోమీటర్ల దగ్గరే కనిపిస్తాయి, ఒకటి రెండు నానోమీటర్ల తేడాతో. నియోడైమియం 584, 805 దగ్గరే ఉంటుంది. హోల్మియం గాజునూ, నియోడైమియం-ప్రసియోడైమియం కలిసిన డిడిమియం గాజునూ స్పెక్ట్రోఫోటోమీటర్ల తరంగదైర్ఘ్యం సరిచూసుకోవడానికి వాడేది కూడా ఈ నిలకడ చూసే. గాజు ఊదేవాళ్ల కళ్లద్దాల్లో సోడియం పసుపు మంటను, అంటే 589 నానోమీటర్లను, అడ్డుకునేది కూడా ఆ నియోడైమియం పట్టీయే.

కాబట్టి మొదటి సూత్రం: వేడి చేశాక పట్టీ చోటు 10 నానోమీటర్లు జరిగినట్టు కనిపిస్తే, గాజును అనుమానించే ముందు యంత్రాన్ని అనుమానించండి.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. సీరియం 3+, యూరోపియం 2+ అయాన్లలో ఎలక్ట్రాన్ 4ఎఫ్ నుంచి 5డీకి ఎగురుతుంది. 5డీ కక్ష్య బయటికే ఉంటుంది, పరిసరాలన్నీ దానికి తగులుతాయి. ఆ పట్టీలు వెడల్పుగా, బలంగా ఉంటాయి, గాజు మారితే చోటు కూడా మారుస్తాయి. రెండో మినహాయింపు ఎఫ్-ఎఫ్ పట్టీల్లోనే, అంటే ఎలక్ట్రాన్ 4ఎఫ్ లోపలే ఎగిరితే వచ్చే పట్టీల్లోనే, ఉంది. కొన్ని పట్టీలు చోటు మార్చవు గానీ ఎత్తు బాగా మారుస్తాయి. వీటిని హైపర్‌సెన్సిటివ్ పట్టీలంటారు. ఎర్బియంలో 521, 378. నియోడైమియంలో 584. హోల్మియంలో 450. యూరోపియంలో 464. మీ అయాన్‌కు సంబంధించినది ఏదో గోడ మీద రాసిపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

ఏ వేడి, ఎందుకు

"హీట్ ట్రీట్‌మెంట్" అన్న ఒకే మాట కింద వేరువేరు పనులు నడుస్తుంటాయి. పోత పోసిన గాజులో బిగుసుకున్న ఒత్తిడి పోగొట్టడానికి టీజీ దగ్గర, అంటే గాజు మెత్తబడటం మొదలయ్యే ఉష్ణోగ్రత దగ్గర, కాసేపు ఉంచి మెల్లగా చల్లార్చడం ఆనీలింగ్. దీనివల్ల గాజు కాస్త చిక్కబడుతుంది, వక్రీభవన గుణకం మూడో దశాంశ స్థానం దగ్గర పెరుగుతుంది. శోషణ మీద దాని ప్రభావం మామూలు కొలతలో దొరికేంత ఉండదు. ఆనీలింగ్ చేస్తేనే గ్రాఫ్ గట్టిగా మారిందంటే అక్కడ ఇంకేదో జరిగింది.

అసలు కథ టీజీకీ, స్ఫటికాలు పుట్టే ఉష్ణోగ్రతకీ మధ్య మొదలవుతుంది. ఆక్సీఫ్లోరైడ్ గాజును, అంటే ఆక్సిజన్, ఫ్లోరిన్ రెండూ ఉన్న గాజును, ఆ మధ్యలో ఉంచితే కాల్షియం ఫ్లోరైడ్, లాంథనం ఫ్లోరైడ్ లాంటి నానో స్ఫటికాలు పుడతాయి. రేర్ ఎర్త్ అయాన్లలో కొన్ని వాటిలోకి చేరతాయి. గాజు మాత్రం తేటగానే ఉంటుంది. 1993లో వాంగ్, ఒహ్వాకీ ఎర్బియం, ఇటర్బియం కలిపి, సీసం-కాడ్మియం ఫ్లోరైడ్ స్ఫటికాలతో ఇలాంటి పారదర్శక గ్లాస్-సెరామిక్ (లోపల స్ఫటికాలు పెంచిన గాజు) చేసి చూపించినప్పటి నుంచి ఈ దారిలో పని ఆగలేదు. సీసం, కాడ్మియం విషాలు. ఈరోజు మొదలుపెట్టేవాళ్లు కాల్షియం, లాంథనం దారి పట్టడమే మంచిదని నా ఉద్దేశం.

ముందుగా డీఎస్‌సీ, అంటే గాజును వేడెక్కిస్తూ అది ఏ ఉష్ణోగ్రత దగ్గర వేడిని తీసుకుంటుందో, వదులుతుందో చూపే పరీక్ష, చేయించుకోండి. నిమిషానికి 10 డిగ్రీల వేగంతో చేయడం మామూలు. ఉదాహరణకి టీజీ 550 డిగ్రీలు, స్ఫటికీకరణ మొదలయ్యేది 650 అని వచ్చిందనుకోండి. 650 దగ్గరే మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. డీఎస్‌సీలో గాజు ఆ ఉష్ణోగ్రత దగ్గర ఆగదు, దాటుకుంటూ పోతుంది. ఫర్నేస్‌లో మీరు గంటల తరబడి ఉంచుతారు. అందుకే 650 కంటే బాగా కిందే స్ఫటికాలు పుడతాయి. 580 దగ్గర మొదలుపెట్టి, 20 డిగ్రీల చొప్పున మెట్లెక్కడం నా అలవాటు. ఇంకో చిట్కా: గాజును పొడి చేసి ఒకసారి, ముక్కగా ఒకసారి డీఎస్‌సీ చేయించండి. రెండింటి శిఖరాల మధ్య దూరం బాగా ఉంటే స్ఫటికాలు పైపొర నుంచి మొదలవుతున్నాయని అర్థం. అలాంటి గాజు లోపల తేటగా ఉన్నా పైన పాలిపోతుంది.

సాక్షి ముక్క

ఒకే పోతలోంచి, పక్కపక్కనే ఉన్న చోటు నుంచి రెండు ముక్కలు కోయండి. ఒకటి ఫర్నేస్‌లోకి పోతుంది. రెండోది ఎప్పటికీ పోదు. దీన్ని మేం సాక్షి ముక్క అంటాం. రెండూ ఒకే మందం, ఒకే పాలిష్. ప్రతిసారీ వేడి చేసినదాన్ని కొలిచే ముందు సాక్షిని కొలవాలి. సాక్షి గ్రాఫ్ నిన్నటిలాగే వస్తే యంత్రం నిలకడగా ఉన్నట్టు, మీరు చూసే తేడా గాజుదే. సాక్షి గ్రాఫ్ కూడా కదిలితే ఆ రోజు కొలతలు పక్కన పెట్టేయండి.

సాక్షితో ఇంకో లాభం ఉంది. గాజు ఉపరితలం దగ్గర కాంతి కొంత వెనక్కి తిరుగుతుంది. వక్రీభవన గుణకం 1.5 అయితే ఒక్కో ముఖం దగ్గర 4 శాతం. లోపలి ప్రతిఫలనాలు కూడా లెక్కేస్తే అటు చేరేది దాదాపు 92 శాతమే. అంటే ఏమీ మింగని గాజు కూడా 0.035 శోషణాంకం (అటు చేరిన భాగం లాగరిథమ్, మైనస్ గుర్తు తీసేసి) చూపిస్తుంది. టెల్యురైట్ గాజుల్లో గుణకం 2 దాకా పోతుంది, అక్కడ ఈ ఉత్తుత్తి శోషణాంకం 0.097. వేడి చేసిన ముక్క గ్రాఫ్‌లోంచి సాక్షి గ్రాఫ్‌ను తీసేస్తే ఈ భాగం రెండింటిలోనూ ఉంది కాబట్టి కొట్టుకుపోతుంది.

మందం మైక్రోమీటర్‌తో కనీసం ఐదు చోట్ల కొలవండి. మధ్యకీ అంచుకీ తేడా 0.02 మిల్లీమీటర్లు దాటితే మళ్లీ రుద్దాల్సిందే. ఎంత మందం ఉండాలన్నది అయాన్ మోతాదును బట్టి. మీకు కావలసిన పట్టీ శిఖరం 0.2 నుంచి 1 మధ్య ఉండేలా చూసుకోండి. 2 దాటిన శిఖరాన్ని నేను నమ్మను. అక్కడ యంత్రంలో తిరిగే దారితప్పిన కాంతి కూడా లెక్కలోకి వస్తుంది.

పాలిష్ విషయంలో ఒక హెచ్చరిక. సీరియం ఆక్సైడ్ పొడి గాజుకు అద్భుతమైన మెరుపు ఇస్తుంది, కానీ అది 400 నానోమీటర్ల కింద కాంతిని మింగుతుంది. గీతల్లో ఇరుక్కున్న కాస్త పొడి చాలు, అతినీలలోహిత భాగమంతా పాడవుతుంది. మీ గాజులోనే సీరియం ఉంటే ఇక చెప్పక్కర్లేదు, ఏది లోపలిదో ఏది పైదో తేల్చలేరు. వజ్రం పేస్టుతో 1 మైక్రాన్ దాకా పోండి, ఖర్చయినా సరే. ఫాస్ఫేట్, ఫ్లోరైడ్ గాజులకు నీళ్లు పడవు. వాటికి నూనెతోనో ఆల్కహాల్‌తోనో చేయాలి.

ఫర్నేస్ చూపించే అంకెను నమ్మకండి

డిస్‌ప్లే మీద 600 అని వెలుగుతుంటే అది ఫర్నేస్ గోడ పక్కనున్న థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) మాట. మీ ముక్క ఉన్న చోట 590 ఉండొచ్చు, 612 ఉండొచ్చు. నానో స్ఫటికాల పనిలో 10 డిగ్రీలంటే తేటగా ఉన్న గాజుకీ పాలిపోయిన గాజుకీ ఉన్నంత తేడా. విడిగా ఒక కె-టైప్ థర్మోకపుల్ కొనుక్కుని, దాని కొన ముక్కకు దాదాపు తగిలేలా పెట్టండి. రాసుకోవలసింది ఆ అంకె. ముక్కను ఎప్పుడూ అదే చోట, అదే అల్యూమినా పలక మీద పెట్టండి. తలుపు దగ్గర ఒకసారి, వెనక గోడ దగ్గర ఒకసారి పెట్టి రెండు ఫలితాలను పోల్చుకోవడంలో అర్థం లేదు.

1953లో కార్నింగ్ సంస్థలో డొనాల్డ్ స్టూకీ 600 డిగ్రీలకు పెట్టాలనుకున్న ఫర్నేస్ 900 దాకా పోయింది. కరిగి ముద్దవుతుందనుకున్న గాజు గట్టి తెల్లని పలకగా బయటికొచ్చింది. గ్లాస్-సెరామిక్‌లు అలా పుట్టాయి. ఆ అదృష్టం అందరికీ పట్టదు గనక ఫర్నేస్‌కు అదనపు ఉష్ణోగ్రత కట్-ఆఫ్ ఒకటి పెట్టించుకోండి.

నిమిషానికి 5 డిగ్రీల చొప్పున ఎక్కించడం చాలా గాజులకు సరిపోతుంది. అనుకున్న ఉష్ణోగ్రత చేరాక లెక్కపెట్టే గంటలే అసలు గంటలు, ఎక్కే సమయం అందులో కలపకూడదు. దిగేటప్పుడు టీజీ దాటేదాకా నిమిషానికి 1 డిగ్రీ మించొద్దు, తొందరపడితే ముక్క చిట్లుతుంది. చిట్లకపోయినా ఒత్తిడి మిగులుతుంది. రెండు పోలరైజర్ షీట్లను అడ్డంగా పెట్టి మధ్యలో ముక్కను ఉంచి చూడండి, వెలుగు మచ్చలు కనిపిస్తే ఒత్తిడి ఇంకా ఉన్నట్టే.

ఒకే ముక్కను మెట్లు మెట్లుగా వేడి చేయాలా, ఒక్కో మెట్టుకూ కొత్త ముక్క వాడాలా అని అడుగుతుంటారు. ఒకే ముక్కయితే మందం, కూర్పు తేడాలుండవు. కానీ వేడి పోగుపడుతూ పోతుంది: 620 దగ్గర కొలిచింది నిజానికి 580, 600, 620 మూడూ చూసిన గాజు. ముందుగా దారి వెతుక్కోవడానికి ఒకే ముక్క వాడండి. ఆ తర్వాత మీకు నచ్చిన రెండు మూడు ఉష్ణోగ్రతలకు వేరే కొత్త ముక్కలతో చేయండి. రిపోర్టులో రాసేది ఈ రెండోదే.

ఫ్లోరైడ్ ఎక్కువున్న గాజులను మామూలు గాలిలో వేడి చేస్తే తేమ తగిలి పైపొర చెడుతుంది, ఫ్లోరిన్ సమ్మేళనాల ఆవిర్లు కూడా వస్తాయి. పొడి నైట్రోజన్‌లోనో ఆర్గాన్‌లోనో చేయండి, ఫర్నేస్ పొగ గొట్టం కింద ఉండాలి.

కొలత

ముక్క పూర్తిగా గది ఉష్ణోగ్రతకు వచ్చాకే కొలవండి. గోరువెచ్చగా ఉంటే ఏమవుతుందని అనిపిస్తుంది. ఇటర్బియం లాంటి అయాన్లలో కింది స్థితి కొన్ని ఉపస్థాయిలుగా చీలి ఉంటుంది. వేడెక్కితే పై ఉపస్థాయిల్లో జనాభా పెరుగుతుంది, 1030 నానోమీటర్ల వైపు తోక లావెక్కుతుంది. అది గాజులో వచ్చిన మార్పు కాదు, చల్లారితే పోతుంది.

స్లిట్ వెడల్పు, అంటే యంత్రం ఒకేసారి పంపే తరంగదైర్ఘ్యాల వెడల్పు, 1 నానోమీటర్, లేదా ఇంకా తక్కువ. స్ఫటికంలోకి చేరిన అయాన్ల పట్టీలు సన్నగా అవుతాయి, 5 నానోమీటర్ల స్లిట్‌తో కొలిస్తే ఆ సన్నదనమంతా నున్నగా చదునై పోతుంది. మీరు ఏ మార్పు కోసం ఇంత కష్టపడ్డారో అదే కనిపించదు. కాంతి పడే చోటు ప్రతిసారీ ఒకటే ఉండేలా నల్లటి మాస్క్‌లో చిన్న రంధ్రం చేసి, ముక్క అంచున పెన్సిల్ గుర్తు పెట్టుకోండి. 800-900 నానోమీటర్ల మధ్య చాలా యంత్రాలు డిటెక్టర్ మారుస్తాయి. అక్కడ చిన్న మెట్టు కనిపిస్తుంది. నియోడైమియంతో పనిచేసేవాళ్లకు అది సరిగ్గా 805, 877 పట్టీల మధ్య వచ్చి పడి చికాకు పెడుతుంది. సాక్షి గ్రాఫ్‌లోనూ అదే మెట్టు ఉందో లేదో చూసుకుంటే టెన్షన్ ఉండదు.

గ్రాఫ్‌ను విడదీయడం

ఇక్కడ నిదానంగా వెళ్దాం. 2 మిల్లీమీటర్ల మందమున్న ఎర్బియం ఆక్సీఫ్లోరైడ్ గాజు ఒకటి ఉందనుకుందాం. వేడి చేయకముందు 521 పట్టీ శిఖరం దగ్గర శోషణాంకం 0.30. పట్టీకి రెండు పక్కలా ఉన్న చదును భాగాలను కలుపుతూ గీత గీస్తే శిఖరం కింద ఆ గీత 0.06 దగ్గర ఉంది. వేడి చేశాక శిఖరం 0.36, గీత 0.15.

శిఖరాన్ని మాత్రమే చూసినవాళ్లు శోషణ 20 శాతం పెరిగిందంటారు. గీతను తీసేసి చూడండి. ముందు 0.24, తర్వాత 0.21. దీన్ని 2.303తో హెచ్చించి, సెంటీమీటర్లలో మందంతో, అంటే 0.2తో భాగిస్తే శోషణ గుణకం వస్తుంది: ముందు సెంటీమీటరుకు 2.76, తర్వాత 2.42. ఎర్బియం మింగే కాంతి పెరగలేదు సరికదా, ఎనిమిదో వంతు దాకా తగ్గింది. పెరిగింది గీత. ఆ గీతను ఎత్తిందెవరు?

స్ఫటికాలు తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నవైతే అవి చెదరగొట్టే కాంతి తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 521 దగ్గర గీత 0.09 పెరిగింది. ఇది చెదరడమే అయితే 378 దగ్గర 0.32 పెరగాలి, 977 దగ్గర 0.01 కూడా పెరగకూడదు. మీ గ్రాఫ్‌లో ఆ చోట్ల చూడండి. అలాగే ఉంటే దొంగ దొరికినట్టే. ఇంకాస్త శ్రద్ధగా చేయాలంటే పట్టీలేమీ లేని చోట్లు కొన్ని ఎంచుకోండి. ఎర్బియంలో 600 చుట్టుపక్కల, 700 నుంచి 770 దాకా, 860 నుంచి 930 దాకా ఖాళీ. అక్కడ వేడి చేసిన ముక్క గుణకంలోంచి సాక్షి గుణకాన్ని తీసేసి, ఆ తేడా లాగరిథమ్‌ను తరంగదైర్ఘ్యం లాగరిథమ్‌తో గీయండి. వాలు మైనస్ 4 దగ్గర వస్తే చిన్న స్ఫటికాలు. వాలు మైనస్ 2 వైపు చదునైతే స్ఫటికాలు పెద్దవయ్యాయి, లేదా ఉపరితలం గరుకెక్కింది. స్ఫటికాలు కిక్కిరిసి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న గాజుల్లో 4 కంటే నిటారైన వాలు కూడా వస్తుంది, కంగారు పడొద్దు.

గరుకుదనాన్ని తేల్చడానికి లెక్కలక్కర్లేదు. రెండు ముఖాల నుంచీ 0.1 మిల్లీమీటరు రుద్దేసి, మళ్లీ పాలిష్ చేసి, మళ్లీ కొలవండి. గీత కిందికి దిగిపోతే గొడవ పైపొరదే.

ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (చెదిరిన కాంతిని కూడా పోగుచేసే తెల్లని బోలు గోళం) ఉన్న ల్యాబ్ అయితే మీకు సగం పని తగ్గింది. ముక్కను స్ఫియర్ ముఖద్వారం దగ్గర పెడితే ముందుకు చెదిరిన కాంతి కూడా డిటెక్టర్‌కు చేరుతుంది. మామూలు కొలతకీ దీనికీ ఉన్న తేడా ముందుకు చెదిరిన భాగం. స్ఫియర్‌కూ చేరని కాంతిలో, వెనక్కి తిరిగిన, వెనక్కి చెదిరిన భాగం పోగా మిగిలినదాన్ని నిజంగా ఎవరో మింగారు.

ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష, కూడా చేయించండి. కాల్షియం ఫ్లోరైడ్ శిఖరాలు రాగి ఎక్స్‌రే కిరణంతో 28.3, 47.0, 55.8 డిగ్రీల దగ్గర వస్తాయి. 28.3 శిఖరం సగం ఎత్తు దగ్గర వెడల్పు, యంత్రం తాలూకు వెడల్పు పోగా, 0.6 డిగ్రీలుంటే షెరర్ సూత్రం ప్రకారం స్ఫటికం దాదాపు 14 నానోమీటర్లు. ఆ సైజులో గాజు తేటగానే ఉండాలి, ఎందుకంటే కాల్షియం ఫ్లోరైడ్ గుణకం 1.43, చుట్టూ ఉన్న గాజుది 1.5 దరిదాపుల్లో. ఎక్స్‌ఆర్‌డీ 14 అంటుంటే గాజు కంటికి పాలలా కనిపిస్తే, ఎక్కడో పెద్ద స్ఫటికాలు కూడా ఉన్నాయి, బహుశా పైపొర మీద.

గీత తీసేశాక మిగిలింది

ఇప్పుడు మిగిలిన పట్టీలే అయాన్ చెప్పే మాట. పై ఉదాహరణలో 521 తగ్గింది. 651, 977 పట్టీలను కూడా ఇలాగే లెక్కేయండి. అవి దాదాపు కదలకుండా 521, 378 మాత్రమే తగ్గితే, ఎర్బియం చుట్టూ పరిసరం మారిందని అర్థం: ఆక్సిజన్ పొరుగు తగ్గి ఫ్లోరిన్ పొరుగు పెరిగింది. బంధం ఎంత అయానికంగా ఉంటే, చుట్టూ అమరిక ఎంత సౌష్ఠవంగా ఉంటే హైపర్‌సెన్సిటివ్ పట్టీలు అంత బలహీనపడతాయి. ఫ్లోరైడ్ స్ఫటికంలోకి ఎర్బియం నిజంగా దూరిందని చెప్పడానికి నేను ముందు చూసే ఆధారం ఇది. ఎక్స్‌ఆర్‌డీ స్ఫటికం ఉందని మాత్రమే చెబుతుంది, దానిలో ఎర్బియం ఉందని చెప్పదు.

అన్ని పట్టీలూ ఒకే నిష్పత్తిలో తగ్గాయా? అయితే మందం తప్పు కొలిచారు, లేదా కాంతి పడే చోటు మారింది. ఇది అందరికీ పట్టుబడని విషయం. అయాన్లు ఎక్కడికీ పోవు, వాటి మొత్తం సంఖ్య మారదు.

రెండో ఆధారం పట్టీ ఆకారం. గాజులో ప్రతి అయాన్‌కూ పరిసరం కొంచెం వేరు, అందుకే పట్టీ గుండ్రని గుట్టలా ఉంటుంది. స్ఫటికంలో చాలా అయాన్లకు ఒకటే పరిసరం, గుట్ట మీద చిన్న చిన్న కొమ్ములు పైకొస్తాయి. 1530 పట్టీలో, 651 పట్టీలో ఇది బాగా కనిపిస్తుంది. సాక్షి గ్రాఫ్‌ను పైన పెట్టి చూడండి. శిఖరం ఎత్తు పెరిగి వెడల్పు తగ్గితే, పట్టీ కింద వైశాల్యం మారకపోయి ఉండొచ్చు. అందుకే శిఖరం ఎత్తులను పోల్చడం మానేసి వైశాల్యాలను పోల్చమంటాను. తరంగదైర్ఘ్యం బదులు తరంగ సంఖ్య స్కేలు మీద వైశాల్యం తీస్తే అయాన్ మోతాదు తెలిస్తే నేరుగా ఆసిలేటర్ స్ట్రెంగ్త్, అంటే ఆ పట్టీ బలం, వస్తుంది. అక్కడి నుంచి 1962లో జడ్, ఓఫెల్ట్ విడివిడిగా ఇచ్చిన లెక్కతో, పట్టీల బలాన్ని అయాన్ పరిసరానికి ముడిపెట్టే మూడు ఒమేగా విలువలు తీయొచ్చు. పరిసరం మార్పు ప్రధానంగా ఒమేగా-2లో కనిపిస్తుంది. ఎర్బియం, నియోడైమియంలతో ఈ లెక్క బుద్ధిగా నడుస్తుంది. ప్రసియోడైమియంతో తిక్క పెడుతుంది, దాని 5డీ స్థాయి మరీ దగ్గర్లో ఉండటమే కారణం. చెదరడం తీసేయకుండా ఒమేగా విలువలు లెక్కేసిన పేపర్లు నేను సగంలో మూసేస్తాను.

రంగు మారితే

గాజు తేటగానే ఉండి పసుపు పచ్చగా మారిందా? గ్రాఫ్‌లో అతినీలలోహిత అంచు దృశ్య కాంతిలోకి జారి ఉంటుంది. సీరియం 3+ అయాన్ సిలికేట్ గాజులో 310-320 నానోమీటర్ల దగ్గర మింగుతుంది, 4+ అయితే ఇంకా కింద వెడల్పైన పట్టీ, దాని తోక దృశ్య కాంతి దాకా వస్తుంది, ఆ పసుపు దానిదే. ఇక్కడ నాలుగో ఘాతం వాలు కుదరదు: అంచు దగ్గర నిటారుగా పడి 500 దాటాక చదునవుతుంది. చెదరడానికీ రంగుకీ తేడా పట్టుకోవడానికి ఇదే దారి.

హైడ్రోజన్ కలిపిన వాయువులో వేడి చేస్తే యూరోపియం 3+ కొంత 2+ అవుతుంది, సన్నని పట్టీల చోట వెడల్పైన పట్టీ వస్తుంది. ఈ మార్పు బయటి నుంచి లోపలికి మెల్లగా పాకుతుంది. కాబట్టి మొత్తం మందంతో భాగించి గుణకం చెప్పడం తప్పు. అంచు కోసి, మైక్రోస్కోప్ కింద రంగు పొర లోతు చూసి, ఆ లోతుతో భాగించండి.

ఇనుమును మర్చిపోకండి. ముడి పదార్థాల్లోని మలినంగా కొద్దిగా ఉన్నా చాలు, ఇనుము 2+ అయాన్ 1050 నానోమీటర్ల చుట్టూ వెడల్పుగా మింగుతుంది. ఇటర్బియం 976 పట్టీ పక్కన గీత ఎత్తుగా ఉంటే, 1100 దగ్గర కూడా అలాగే ఉందేమో చూడండి. అక్కడ ఇటర్బియం దాదాపు ఏమీ మింగదు.

ఓహెచ్, అంటే గాజులో చిక్కుకున్న తేమ, గురించి తక్కువే చెబుతాను. ఇది 3 మైక్రాన్ల దగ్గర, మామూలు యంత్రం చూడని చోట ఉంటుంది, ఎఫ్‌టీఐఆర్ అనే పరారుణ యంత్రం కావాలి. ముక్కను వేడి చేస్తే తేమ పోతుందన్నది పైపొరకే వర్తిస్తుంది. మందమైన ముక్కలో తేమ తీయాలంటే కరిగి ఉన్నప్పుడే పొడి ఆక్సిజన్ పంపాలి. ఓహెచ్ ఉన్నా ఎర్బియం శోషణ మారదు, అది తిరిగి వెదజల్లే వెలుగు మాత్రం పడిపోతుంది. శోషణ గ్రాఫ్ బాగుంది కదా అని లేజర్‌కు పనికొస్తుందనుకోవద్దు.

వెండి కలిపిన గాజులు ఇంకో ఉచ్చు. వేడి చేస్తే వెండి నానో కణాలు పెరుగుతాయి, 410-420 నానోమీటర్ల దగ్గర వెడల్పైన గుట్ట లేస్తుంది. ఎర్బియంకు 407 దగ్గర సన్న పట్టీ ఉంది. గుట్ట భుజాన కూర్చున్న ఆ పట్టీ ఎత్తుగా కనిపించి, వెండి వల్ల ఎర్బియం శోషణ పెరిగిందన్న మాటలకు దారితీస్తుంది. ఎర్బియం లేకుండా వెండి మాత్రమే ఉన్న గాజును అదే ఉష్ణోగ్రతలో అన్ని గంటలే వేడి చేసి, ఆ గ్రాఫ్‌ను తీసేయండి. తర్వాత 651 పట్టీతో నిష్పత్తి చూడండి.

వేడి శోషణను నిజంగా తగ్గించే సందర్భం ఇంకొకటుంది. రేడియేషన్ తగిలి, లేదా పంపు లేజర్ వెలుగులో చాలాసేపు ఉండి నల్లబడిన గాజుల్లో కలర్ సెంటర్లు (కాంతిని మింగే చిన్న లోపాలు) పోగవుతాయి, ఇటర్బియం సిలికా ఫైబర్లలో ఇది బాగా తెలిసిన తలనొప్పి. కొన్ని వందల డిగ్రీలకు వేడి చేస్తే అవి కరిగిపోయి గాజు మళ్లీ తేటపడుతుంది. ఇలాంటి ముక్కను 50 డిగ్రీల మెట్లలో ఎక్కిస్తూ, ప్రతి మెట్టు దగ్గరా చల్లార్చి 500 నుంచి 700 నానోమీటర్ల మధ్య గీత ఎంత దిగిందో రాసుకోండి. టీజీకి బాగా ముందే ఆగిపోవాలి. ముక్కను రెండు మెట్ల మధ్య నల్ల కాగితంలో చుట్టి ఉంచండి, కొన్ని కలర్ సెంటర్లు కిటికీ వెలుతురుకే కరిగిపోతాయి, ఆ దిగుడు వేడి ఖాతాలో పడిపోతుంది.